వీధి మూల దాకా

పోయిన నెల అక్క చనిపోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చి ముందు గదిలో పడుకోబెట్టాం. మర్నాడు పొద్దున ఆమెను తీసుకెళ్లడానికి వచ్చిన వ్యాన్ డ్రైవరు వీధి మొదట్లోనే బండి ఆపి, దిగి, పైకి చూశాడు. కానుగ కొమ్మలు రెండు వైపుల నుంచీ వచ్చి నడి వీధి మీద కలుసుకుని ఉన్నాయి. తరవాత కిందికి చూశాడు. మాన్లు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. తల అడ్డంగా ఊపుతూ నా దగ్గరికి వచ్చి, "బండి లోపలికి రాదు సార్. రెండు కొమ్మలు కొట్టేసి, ఆ మొదటి మాను కొంచెం చెక్కేస్తే వచ్చేస్తుంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాను, ఆగలేదు. ఇంట్లో అక్క శవం ఉంది, నేను వీధిలో నిలబడి నవ్వుతున్నాను. అక్క మరిది కొడుకు వచ్చి నా భుజం పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు. దుఃఖంలో మతి చెదిరిందనుకుని ఎవరో సోడా తెచ్చి చేతిలో పెట్టారు. మతి చెదరలేదు. ఆ డ్రైవరు పుట్టక ముందు నుంచీ ఆ వీధి ఆ మాట వింటూనే ఉంది, అంతే. సోడా తాగి, "కొమ్మ ముట్టుకోవద్దు. మూల దాకా మేమే తెస్తాం, నువ్వు అక్కడే ఉండు" అని అతనికి చెప్పాను. ఎందుకో వివరంగా చెప్పే ఓపిక అప్పుడు లేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అక్క ఇల్లు చెన్నై చింతాద్రిపేటలో, కూవం నది గట్టుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న వీధిలో. మా పెద్దలు నేతగాళ్లుగా ఈ ఊరు వచ్చారని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. వీధి పొడుగునా పడుగు దారాలు చాచి గంజి పెట్టేవాళ్లనీ, ఎండకు దారం పెళుసెక్కి తెగకుండా పైన చెట్ల నీడ ఉండేదనీ మా అవ్వ చెప్పేది. నాకు తెలిసేసరికి మగ్గాలూ లేవు, చెట్లూ లేవు. పాత కార్ల విడిభాగాలు అమ్మే కొట్లూ, ఎండా ఉండేవి. మే నెలలో కత్తెర ఎండలు కాసే రోజుల్లో మధ్యాహ్నం ఆ వీధిలో నడిస్తే చెప్పుల అడుగు తారుకు అతుక్కునేది. నేను అప్పట్లో అక్క ఇంట్లోనే మేడ మీద గదిలో ఉండేవాణ్ణి. ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. బావ జార్జి టౌన్‌లో హోల్‌సేలు బట్టల కొట్లో గుమాస్తా. అక్క అక్కడికి దగ్గర్లోనే ఒక తెలుగు బళ్లో లెక్కల టీచరు. ముగ్గురం రోజూ ఒకే బస్సులో పోయేవాళ్లం. బస్సు స్టాపు దాకా నడిచే ఆ కాసేపట్లోనే అక్క తలనొప్పి తెచ్చుకునేది. ఆమె చెట్లు నాటించడం మొదలుపెట్టింది ఆ తలనొప్పి వల్ల. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆమె పోయాక వచ్చిన వాళ్లు చాలామంది ఆమెకు చెట్లంటే ప్రాణమనీ, ప్రకృతి ప్రేమికురాలనీ అన్నారు. ఆమెకు అట్లాంటిదేం లేదు. నీడ కావాలి, నీడ ఇచ్చేది చెట్టు, కాబట్టి చెట్టు కావాలి. లెక్క అక్కడితో తేలింది.

అది తొంభైల మొదట్లో. అప్పటికి ఊరి పేరు ఇంకా మద్రాసే. వీధి వాళ్లే నాటుకుని వీధి వాళ్లే పెంచుకునేటట్టయితే మొక్కలు ఊరికే ఇస్తామని కార్పొరేషన్ తోటల శాఖ వాళ్లు ఒక పథకం పెట్టారు. అక్క వెళ్లి అడిగింది. వచ్చిన ఆఫీసరు మంచివాడు, పడుచువాడు, ఎర్ర తురాయి మొక్కలిస్తాను, త్వరగా ఎదిగి వీధంతా పువ్వులతో కప్పేస్తాయన్నాడు. "ఏమప్పా, నేను నీడ అడిగినానా, పువ్వులు అడిగినానా?" అంది అక్క. తురాయి కొమ్మ పెళుసు, ఐప్పసి మాసం, అంటే మన ఆశ్వయుజ కార్తీకాల గాలివానకు విరిగి కరెంటు తీగల మీద పడుతుంది. వేప బాగా ఎత్తు పెరుగుతుంది, ఆ వీధికి వెడల్పు కావాలి గాని ఎత్తు అక్కర్లేదు. కానుగైతే మాఘం ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, ఎండలు ముదిరేలోపే కొత్త ఆకు వేసేస్తుంది. ఇదంతా అక్క ఎవరినో అడిగి, ఎక్కడో చదివి, ఒక నెలపాటు ఊళ్లో ఉన్న కానుగలన్నిటి కిందా నిలబడి తేల్చుకుంది. ఆదివారాలు నన్ను మైలాపూరు దాకా లాక్కుపోయి, కోనేటి పక్కనున్న ఒక చెట్టు కింద నిలబెట్టి, "చల్లగా ఉండాదా లేదా చెప్పు" అని అడిగేది. ఉందనేవాణ్ణి. నమ్మేది కాదు, బావను అడిగేది. బావ, "చల్లగానే ఉండాది గానీ, ఆ పక్కన కాఫీ ఓటల్లో ఫ్యాను కింద ఇంకా చల్లగా ఉంటాది, చూస్తామా?" అనేవాడు.

బావ ఏ విషయాన్నీ తిన్నగా మాట్లాడేవాడు కాదు. పుట్టినప్పటి నుంచీ వేళాకోళమే. చెట్ల పనిని "మీ అక్క అడవి" అనేవాడు. ఇంటికొచ్చిన వాళ్లతో, "పులి ఎప్పుడొస్తాదో తెలీదు, తొందరగా కాఫీ తాగి పోండి" అనేవాడు. కానీ పనంతా ఆయనే చేశాడు. రోడ్డు పనులు జరిగే చోట పడేసిన తారు డబ్బాలు తెచ్చి, అడుగులు కోయించి, గాలి పోవడానికి చిల్లులు పెట్టించి, మొక్కలకు కాపుగా పెట్టే ఏర్పాటు ఆయనదే. వీధి కొలిచింది కూడా ఆయనే, కొట్టు నుంచి తెచ్చిన గజం కడ్డీతో.

అక్క పెట్టిన నియమం ఒకటుంది: ప్రతి ఇంటి వాకిట్లో ఒక చెట్టు ఉండాలి, వీధికి రెండు పక్కలా. ఒక పక్క నాటితే చాలు కదా అని ఆఫీసరు అన్నాడు. "ఎవురి వాకిట్లో చెట్టు వాళ్లది కాకపోతే ఎవురూ నీళ్లు పొయ్యరు సార్. మా జనం నాకు తెలుసు" అంది. అందువల్ల డబ్బాలు ఎదురెదురుగా వస్తాయి. నడుమ ఎంత ఎడం వదలాలన్నది ప్రశ్న. ఒక ఆదివారం సాయంత్రం మా అరుగు మీద వీధి వాళ్లంతా చేరారు. ఎదురింట్లో ఉండే బియ్యం మండీ పెద్దాయన కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. వీధిలో ఆయన మాటే మాట. అక్క సుద్దముక్క పట్టుకుని, "ఈ వీధిలోకి ఏమేమి వస్తాయో చెప్పండి, అన్నిటికీ దోవ ఉండాల" అంది. ఆటో అన్నారు. బడి పిల్లల రిక్షా అన్నారు. బేళ్లు తోసుకొచ్చే చేతిబండి, గ్యాసు సిలిండర్ల బండి అన్నారు. నీళ్ల లారీ మూల దగ్గరే ఆగుతుంది, దాని గొడవ లేదు. పెళ్లి ఊరేగింపు కారు అని మండీ పెద్దాయన గుర్తు చేశాడు. బావ కారుకు కొలత చెప్పి, పూలదండల కోసం రెండు పక్కలా చెరో జానెడు కలిపాడు. స్వామి ఊరేగింపు అన్నారు. దానికి గొడుగు వెడల్పు కలిపారు. అక్క ప్రతిదీ నేల మీద రాసుకుంటూ వచ్చి, "ఇంకేమన్నా ఉండాదా?" అంది.

బావ కడ్డీ మీద గడ్డం ఆనించి, "ఉండాది గదా ఇంకొకటి. మనం అందరం ఎప్పుడో ఒకప్పుడు..." అన్నాడు. ఆయన మాట పూర్తి కాలేదు.

"నోరు మూయిరా!" అని లోపలి నుంచి బావ వాళ్లమ్మ అరిచింది. "దీపం పెట్టే వేళ అదేం మాట? పోయి నోరు కడుక్కుని రా!"

బావ నిజంగానే లేచి పెరట్లోకి పోయి, నోరు పుక్కిలించి, తడి మీసంతో వచ్చి కూర్చున్నాడు. "కడుక్కున్నా. రాసుకో, ఇంకేమీ లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క సుద్దముక్క ఒక్క క్షణం నేల మీద ఆగింది. తరవాత కూడిక గీత గీసేసింది. అక్కడున్న ప్రతివాడికీ బావ చెప్పబోయిందేమిటో తెలుసు. మద్రాసులో శవాన్ని పూలపల్లకిలో పంపడం గౌరవం. వెదుళ్లతో తేరు మాదిరి కట్టి, చామంతులతో నిలువునా కప్పి, పక్కన మోసేవాళ్లు, ముందు డప్పులు, టపాకాయలు. పెళ్లి కారు దానికి ఏ మూలకూ చాలదు. అయినా మంచి పని తలపెట్టి కూర్చున్న చోట ఆ వెడల్పు ఎవరు అడుగుతారు, ఎవరు చెబుతారు? గొడుగు ఈనె దాకా కొలిచిన వీధి ఆ ఒక్కటీ కొలవలేదు. నేను చావు గురించి చాలా పుస్తకాలు చదివాను. దాని వెడల్పు గురించి ఎక్కడా రాయలేదు.

ఆషాఢంలో, ఆడి నెల వానలకు మొక్కలు నాటారు. మొదటి ఎండాకాలమే కష్టంగా గడిచింది. ఆ ఏడు కుళాయిలు ఎండిపోయాయి. మూల దగ్గరికి వచ్చే లారీ నీళ్లే దిక్కు. మద్రాసులో నీళ్ల లైన్లో మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. ఇంటి వాళ్లు ఎక్కడున్నా సరే, లైన్లో ఉన్న బిందెను జరపకూడదు. ఆ న్యాయాన్ని రౌడీలు కూడా పాటించేవాళ్లు. అక్క ఆ న్యాయం పట్టుకుని లైన్లో ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె పెట్టించింది. అది చెట్లది. వంతుల వారీగా రోజుకొక ఇంటివాళ్లు దాన్ని నింపి, మగ్గుతో కొలిచి మొక్కలకు పొయ్యాలి. మొదటి రోజే గోల. వెనక బిందె ఆవిడ కొంగు దోపి, "మనుషులకే గతిలేదు, మానుకు బిందెంట, తీయక్కా దాన్ని!" అంది. అక్క తన ఎర్ర బిందె తీసి పక్కన పెట్టింది. "తీసేసినా. అది నాది. పచ్చది చెట్టుది. అది ఉంటాది" అంది. ఆ పూట మా ఇంట్లో పక్కింటి నుంచి చెంబెడు తెచ్చుకుని వండుకున్నాం. మర్నాడూ అట్లాగే చేసింది. మూడో రోజు వెనక బిందె ఆవిడే పచ్చ బిందెను ముందుకు జరిపి, "ఈ టీచరమ్మతో ఏగేది మన వల్ల కాదు" అని తన బిందె దాని వెనక పెట్టుకుంది. బావ స్నానానికి అర బకెట్టుతో సరిపెట్టుకుంటూ, "అడవిలో మునులు ఇట్లానే కంపు కొట్టేవాళ్లంటావా?" అని నన్ను అడిగేవాడు. వానలు పడేసరికి మొక్కలు డబ్బాల పైకి తలలు పెట్టి చూస్తున్నాయి.

అప్పుడు మండీ పెద్దాయన తల్లి పోయింది. మునిమనవల్ని ఎత్తుకున్న మనిషి. మా దగ్గర అట్లాంటి దాన్ని కల్యాణ చావంటారు, ఏడవకూడదు, పండగ మాదిరి పంపాలి. వచ్చిన పల్లకి వీధిలో అందరూ చూసిన పల్లకులన్నిటి కన్నా పెద్దది. మూల తిరగగానే మొదటి రెండు డబ్బాల నడుమ ఇరుక్కుంది. మోసేవాళ్లు ఎవరినీ అడగలేదు. గడ్డపార తెచ్చి డబ్బాలు పెకలించారు. ఒకటి తరవాత ఒకటి, ఆయన ఇంటి దాకా రెండు పక్కలా. చావు ఇంటి పనికి అడ్డం చెప్పేవాడు లేడు. అక్క గడపలో నిలబడి చూసింది. పల్లకి వెళ్లిపోయాక వీధిలో చామంతి రేకులూ, వేళ్లు పైకి తేలిన కానుగ మొక్కలూ కలిసి పడి ఉన్నాయి. ఆ మర్నాడు అక్క వాళ్లింటికి పలకరింపుకు పోయింది. మొక్కల మాట ఎత్తలేదు.

మాట ఎత్తింది ఆయనే. కర్మలు పూర్తయ్యాక మళ్లీ మా అరుగు మీదే అందరూ చేరారు.

"చూడమ్మా, చెట్టుకు నేను విరోధిని కాదు" అన్నాడు పెద్దాయన. "మా అమ్మ మొదటి వానకు ఆ మొక్కను చూసి మురిసిపోయింది. కానీ ఈ వీధిలో బతికినోళ్లు దర్జాగా పోవాల గదా. ఒక పక్క తీసేస్తాం. రెండో పక్క ఉంచుకోండి."

"ఏ పక్క తీసేది?" అంది అక్క. "మీ పక్కా, మా పక్కా?"

జనం ఎవరి వాకిలి వైపు వాళ్లు చూసుకున్నారు.

"చెట్టు లేనోళ్లు వచ్చి చెట్టున్నోళ్ల బిందె నింపుతారా? ఒక పక్క తీస్తే రెండో పక్క వచ్చే ఎండాకాలానికి పోతాది. రెండూ తీసేస్తామని చెప్పండి, సరిపోతాది."

"మరి పోయేవాళ్ల మాటేంది?"

"పాడె మీద పోతారు. నలుగురు మోసే దోవ ఉండాది."

పెద్దాయనకు కోపం వచ్చింది. "నీకేమమ్మా, చెప్పేస్తావు. నీ ఇంట్లో జరిగితే తెలుస్తాది" అన్నాడు. అన్నాక ఆయనే నాలిక కరుచుకున్నాడు. పసుపు కుంకుమలతో ఉన్న ఆడమనిషితో, ఆమె మొగుడి ఎదురుగా అనే మాట కాదు. లోపల బావ వాళ్లమ్మ నుదురు కొట్టుకోవడం బయటికి వినిపించింది.

అక్క గొంతు పెంచలేదు. "మా ఇంట్లో ఎవురు పోయినా అట్లే పోతారు. అందరి ముందరా మాటిస్తా ఉండా" అంది.

బావ అప్పటిదాకా వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. పొట్టు ఊది, "నేనూ ఒప్పుకున్నా. పడుకుని పోయేవాడికి పక్క ఎంత వెడల్పుంటే ఏంది? ఆ పైన పొర్లేది లేదు గదా" అన్నాడు. నవ్వాలో వద్దో తెలియక జనం ఆయన వైపే చూశారు. చివరికి పెద్దాయనే, "సరి, చూద్దాం" అని లేచాడు. ఆ 'చూద్దాం' అన్న మాటకు అర్థం అందరికీ తెలుసు. మాట ఇవ్వడం వేరు, ఆ రోజు వచ్చినప్పుడు నిలబడడం వేరు. అక్క నిలబడితే చెట్లుంటాయి, లేకపోతే లేవు.

పీకేసిన చోట మళ్లీ నాటాం. అదృష్టమో ఏమో, తరవాత కొంతకాలం వీధిలో ఎవరూ పోలేదు. ఆ కాలమంతా ఒక విచిత్రమైన జాగ్రత్తతో గడిచింది. ఎవరికైనా దగ్గు ఎక్కువైతే చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు ఆ మనిషిని చూసి, తరవాత కిటికీలోంచి చెట్టు వైపు చూసేవాళ్లు. బావ వాళ్లమ్మకు జ్వరం వచ్చినప్పుడు ఆవిడే మంచం మీద నుంచి, "భయపడబాకండి, నేను సన్నగా ఉండా, ఎట్లయినా పడతా" అంది. చెట్లు మాత్రం ఇవేమీ పట్టించుకోకుండా పెరిగాయి. డబ్బాలు తుప్పు పట్టి విచ్చుకున్నాయి. కింద పిల్లలు గోలీలాడేంత నీడ వచ్చింది. అక్క తలనొప్పి మాత్రలు మానేసింది. కేబుల్ టీవీ వాళ్లు వచ్చి తీగలకు అడ్డమని కొమ్మలు నరకబోతే, అప్పటికి అక్క దాకా రావాల్సిన పనే పడలేదు. వెనక బిందె ఆవిడే చీపురు తిరగేసింది.

ఊరికి కొత్త పేరు వచ్చిన తరవాత, ఒక రోజు తెల్లవారుజామున బావకు గుండె నొప్పి వచ్చింది. ఆటో దొరికేలోపే అయిపోయింది. వాళ్లమ్మ ఇంకా ఉంది. ఆవిడ ఏడుపు గురించి రాయను.

పెరంబూరు నుంచి బావ తమ్ముడు వచ్చాడు. అన్నంటే ప్రాణం పెట్టేవాడు. ఏడుస్తూనే అన్ని ఏర్పాట్లూ చేశాడు. ఆ ఏర్పాట్లలో పూలపల్లకి కూడా ఉందని అది మూల దగ్గరికి వచ్చి ఆగేదాకా మాకు తెలియదు. డప్పులు మోగుతున్నాయి. మొదటి చెట్టు దగ్గర ఒకడు గొడ్డలి పట్టుకుని, ఎవరైనా సరేనంటే కొడదామని చూస్తున్నాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. ఎదురింటి గుమ్మంలో మండీ పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని ఉన్నాడు. అందరూ మా గుమ్మం వైపే చూస్తున్నారు.

అక్క బయటికి వచ్చింది. శవం పక్కన కూర్చోవాల్సిన మనిషి, చేతిలో గజం కడ్డీ పట్టుకుని వీధిలోకి నడిచి వచ్చింది. మూల దాకా పోయి పల్లకి ముందు నిలబడి, "వెడల్పు ఎంతప్పా ఇది?" అని అడిగింది. పల్లకివాడు మోసేవాళ్ల వైపు చూశాడు. అట్లా ఎవరూ అడగరు. ఆమే కడ్డీ పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి కొలిచింది. చామంతులు రాలాయి. తరవాత వెనక్కి తిరిగి రెండు చెట్ల నడుమ ఎడం కొలిచింది. డప్పులు ఆగిపోయాయి. ఆ రోజు అరుగు మీద కొలవకుండా వదిలేసినదాన్ని, ఆమె ఆ వీధి మొత్తం చూస్తుండగా కొలిచింది.

"పట్టదు" అంది.

"రెండు చెట్లే గదా ఒదినా!" అన్నాడు మరిది. "మా అన్న బతికినన్నాళ్లూ నిలబడి ఒకరి గుడ్డ ఒకరికి కొలిచిచ్చినాడు. ఈ ఒక్క దినమన్నా రాజా మాదిరి పోనీ. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఈ వీధి కొలిచింది మీ అన్నే. ఆయన కొలత తప్పని నేను చెప్పను."

"పాడె మీద పోతానని ఏదో వేళాకోళానికి అన్నాడు ఆ రోజు!"

"బతికిందే వేళాకోళానికి" అంది అక్క. "ఇంక ఆయన మాటల్లో దేన్ని పట్టుకునేది నేను?"

నాకు ఆ క్షణం బాగా గుర్తుంది. గొడ్డలివాడు ఒకరి తరవాత ఒకరి ముఖం చూస్తున్నాడు. ఆ వీధిలో ఎవరైనా ఒక్కరు, "పోనీలేమ్మా, చావు దగ్గర పట్టుదలేంది" అని ఉంటే, పది మందీ అదే అనేవాళ్లు. అక్క ఒంటరిదయ్యేది. చెట్లు ఆ పూటే పోయేవి.

మండీ పెద్దాయన మెట్లు దిగాడు. మెల్లగా నడిచి వచ్చి, గొడ్డలివాడి చేతిలోంచి గొడ్డలి తీసుకుని పక్కనున్న అరుగుకు ఆనించాడు. "పాడె కట్టండప్పా" అన్నాడు. మరిది వీపు మీద చెయ్యి వేసి, "ఇంటి కాణ్ణించి మూల దాకా మనం మోస్తాం. మూల కాణ్ణించి నీ పల్లకిలో పోనీ, రాజా మాదిరే పోనీ. దోవ ఆడ పెద్దదే" అన్నాడు. పాడె లేపేటప్పుడు వెనక కొమ్ము ఆయనే పట్టాడు. ఆయన పొట్టి, లావు. ముందు పట్టిన మరిది బాగా పొడుగు. దాంతో పాడె ముందు పక్క లేచి, బావ తల ఎత్తి చెట్లను చూసుకుంటూ పోతున్నట్టు ఏటవాలుగా పోయాడు. మధ్యలో ఎవరో వచ్చి పెద్దాయన భుజం మార్చుకుంటామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఆయాసపడుతూనే మూల దాకా మోశాడు. నేను మూడో కొమ్ము పట్టుకున్నాను. మా భుజాలకూ మాన్లకూ నడుమ కావలసినంత చోటుంది.

ఆడవాళ్లు మూల దగ్గర ఆగిపోవాలి. అక్క ఆగింది. పల్లకి కదిలాక ఆమె వెనక్కి తిరిగి ఇంటికి నడుస్తుంటే, ఆ కడ్డీ ఇంకా చేతిలోనే ఉంది. మూడో రోజు పొద్దున పచ్చ బిందె తీసుకుని వాకిట్లోకి వచ్చింది. మైలలో గడప దాటతావా అని ఎవరో ఆడవాళ్లు అడ్డుపడ్డారు. "మైల నాకు గదా, చెట్టుకు కాదు గదా" అని నీళ్లు పోసి లోపలికి వెళ్లిపోయింది. ఆమె బావ కోసం ఏడవడం నేను చూడలేదు. మేడ మీద గదిలో ఉన్నప్పుడు విన్నాను.

ఆ తరవాత ఆ వీధిలో అదే ఆచారమైపోయింది. ఎవరూ తీర్మానం చేయలేదు. బావ వాళ్లమ్మ పోయింది, మండీ పెద్దాయన పోయాడు, వెనక బిందె ఆవిడ పోయింది. ఎవరు పోయినా మూల దాకా నలుగురి భుజాల మీదే. మూల దాటాక పల్లకో, వ్యానో, వాళ్ల వాళ్ల ఇష్టం. మండీ పెద్దాయన అయితే ముందే మనవళ్లకు చెప్పి పెట్టుకున్నాడట, పొడుగు తక్కువ వాళ్లనే నలుగుర్నీ ఏరమని.

అందుకే పోయిన నెల ఆ డ్రైవరు కొమ్మలు కొట్టేస్తే బండి వచ్చేస్తుందని అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. పాడె కట్టాం. నేనూ, మరిది కొడుకూ, మండీ పెద్దాయన మనవళ్లిద్దరూ అక్కను ఎత్తాం. ఒక కొమ్మ బాగా కిందికి వాలి ఉంది. దాని దగ్గర నలుగురం మోకాళ్లు వంచి తగ్గి నడిచాం. ఎండ బాగా ఉంది, కానీ మూల దాకా మాకు తగల్లేదు. అక్క అడిగింది అంతే.

మాన్లు లావెక్కాయి. బావ కడ్డీతో కొలిచిన ఎడం ఇప్పుడు లేదు. పెళ్లికూతుళ్లు కూడా మూల దగ్గరే కారు దిగి నడిచి వస్తున్నారు. మొన్న మోస్తున్నప్పుడు మొదటి చెట్టు దగ్గర నా భుజం బెరడుకు ఒరుసుకుంది. అప్పట్లో చోటు మిగిలేది. నా వంతు వచ్చేసరికి ఆ దోవ ఇంకాస్త ఇరుకవుతుంది. అవనీ.